నక్క మెడలో పంజా ముద్ర

వానలు పడ్డాక ఆ కొండ అడవిలో అడవిదున్నల పేడ మీద నీలిగొడుగులు మొలుస్తాయి. చూడ్డానికి కూరకి పనికొచ్చే పుట్టగొడుగుల్లాగే ఉంటాయి కానీ, తుంచితే కాడ నీలంగా మారుతుంది. తిన్నవాళ్ళకి కళ్ళు మూసుకున్నా లోకం కనిపిస్తుంది. మనసు అడుగున ఎప్పుడో తొక్కిపెట్టిన భయాలూ దుఃఖాలూ ఎదురుగా వచ్చి నిలబడతాయి. పక్కన ఒకరు కాపు కూర్చుని "నేనున్నాను, చూడు, ఫరవాలేదు" అంటూ ఉంటే, ఆ భయం మొహం చూసి, కరువుతీరా ఏడ్చి, తేలికపడి లేస్తారు. పక్కన ఎవరూ లేకపోతే ఏమవుతుందో చెప్పలేం.

ఏదుపంది పైడమ్మ ఈ కాపు కూర్చోవడంలో తలపండిన మనిషి. మనిషంటే మనిషి కాదనుకోండి, ఏదుపందే. మహా కోపిష్టిది. ఎవరైనా పిచ్చిమాటంటే వీపు మీద ముళ్ళన్నీ గలగలమని లేస్తాయి. కాపు కూర్చున్నప్పుడు మాత్రం ఒక్క ముల్లూ కదలదు. ఆవిడ కట్టుబాట్లు పెద్దగా లేవు. కాపు కూర్చునేవాళ్ళు ముందు తాము తిని, ఇంకొకరి కాపులో ఏడ్చి ఉండాలి. కాపులో విన్నది కడుపులోనే ఉండిపోవాలి. కట్టుకున్నవాడికి కూడా చెప్పకూడదు.

ఎలుగుబంటి అప్పలకొండ ఆవిడ కాపులో తేలికపడ్డవాడే. ఒకప్పుడు చీమ కుట్టినా చెట్టు పీకేసేవాడు. ఇప్పుడు సాయంత్రాలు చదునుగా ఉన్న చప్టాబండ మీద ఇప్పపూలు పోసి, కాపు అయినవాళ్ళందరినీ పిలిచి కూర్చోబెడుతున్నాడు. "తిన్న రోజున ఏడిస్తే సరిపోద్దేటి? మర్నాటి నుంచి బతకాలి కదా. దానికి పక్కన నలుగురుండాల" అంటాడు.

ఇలా అంతా సాఫీగా సాగుతుండగా ఒక కోతి సరదాకి ఒంటరిగా గుప్పెడు గొడుగులు మింగింది. మబ్బుల మీద నడుస్తున్నాననుకుని కొండ అంచు మీంచి నడిచింది. కింద ఏరు ఉండబట్టి బతికింది. పెద్దపులి దొరకి ఒళ్ళు మండిపోయింది. నీలిగొడుగు తిన్నా, తినిపించినా ఏరు దాటించి అడవిలోంచి వెళ్ళగొడతానని అడవంతా చాటించాడు.

అందరి తరఫునా వాదించే గోరువంక రాజ్యం ఊరుకోలేదు. రోజూ దొరగారి గుగ్గిలం చెట్టు మీద వాలి చెవిలో జోరీగలా పోరింది. "కోతి పడింది గొడుగు వల్ల కాదు దొరా, పక్కన ఎవరూ లేకపోవడం వల్ల. గొడుగుని కాదు, ఒంటరిగా తినడాన్ని ఆపండి" అంది. చివరికి దొర విసుగెత్తి, "సరే, నా ముద్ర ఉన్నవాళ్ళు కాపు కూర్చోవచ్చు. ముద్ర లేకుండా కూర్చుంటే మాత్రం ఏరు దాటడమే" అన్నాడు. గెలిచానన్న సంబరంలో రాజ్యం అడవంతా చుట్టి వచ్చింది. ఆ ముద్ర ఎవరికిస్తారన్న ఒక్క ముక్క అడగడం మర్చిపోయింది.

దొర పక్కనే ఎప్పుడూ తోక ఊపుతూ నిలబడేది ఎవరు? నక్క పానకాలు. మర్నాడు పొద్దున్నే పానకాలు మెడలో టేకాకు వేలాడుతోంది. దాని మీద ఎర్రమట్టితో దొరగారి పంజా గుర్తు.

"ఏం పైడమ్మక్కా, బాగున్నావా?" అంటూ వచ్చాడు, ఆకు కనబడేలా ఛాతీ విరుచుకుని. "ఇకనుంచి అడవికి కాపు నేనే. నీకు వయసు మళ్ళింది, విశ్రాంతి తీసుకో."

"నువ్వెప్పుడైనా గొడుగు తిన్నావేట్రా?"

"వైద్యుడు మందు తినాలా ఏమిటక్కా? రోగి తింటాడు."

పైడమ్మ ముళ్ళు గలగలమన్నాయి. పానకాలు నాలుగడుగులు వెనక్కి వేశాడు గానీ, నవ్వు మాత్రం చెక్కుచెదరలేదు.

ఆవిడ కోపం ముద్ర కోసం కాదు. కణుజు జింక సీతాలు కోసం. ఎండాకాలంలో కార్చిచ్చు రేగినప్పుడు సీతాలు బిడ్డ ఏటి ఒడ్డుదాకా వచ్చి, నీళ్ళు ముట్టకుండానే ప్రాణం వదిలింది. అప్పట్నుంచి సీతాలు ఏటి దగ్గరికి పోలేకపోతోంది. ఆకుల మీది తడి నాకి బతుకుతోంది. డొక్కలు లెక్కపెట్టొచ్చు. వానలు తగ్గేలోగా, గొడుగులు ఉండగానే కాపు కూర్చుంటానని పైడమ్మ దానికి మాటిచ్చింది. ఇప్పుడు కూర్చుంటే ఏరు దాటాలి. దాటితే సీతాలుని చూసేవాళ్ళు లేరు.

"పానకాలు దగ్గరికెళ్తావేటే తల్లీ?" అని మనసు చంపుకుని అడిగింది.

"నా బిడ్డ సంగతి నక్క చెవిలో చెప్పమంటావా పిన్నీ?" అంది సీతాలు.

సీతాలు అనుమానం వట్టిది కాదని తొందరలోనే తేలింది. కుందేలు పానకాలు కాపులో తన బొరియకున్న దొంగదారి సంగతి చెప్పుకుంది. ఆ వారంలోనే ఆ దారి బయట ఎవరో మాటు వేశారు. కుందేలు తోక బొచ్చు పోగొట్టుకుని ప్రాణాలతో బయటపడింది. ఆడనెమలి గుడ్లు ఏ పొదలో పెట్టిందో చెప్పుకుని ఏడ్చింది. ఇంటికొచ్చేసరికి పొదలో పెంకులున్నాయి. చప్టాబండ మీద ఇప్పపూలు వాడిపోతున్నాయి గానీ, కూర్చునేవాళ్ళు లేరు. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు.

"పదండి, దొర దగ్గర చెప్పండి" అంది రాజ్యం.

"ఏమని? నా కొత్త దొంగదారి ఎక్కడుందో సభలో అందరికీ వినిపించేలా చెప్పమంటావా?" అంది కుందేలు.

"మళ్ళీ గుడ్లు పెట్టాను. ఎక్కడని అడిగితే ఏం చెప్పను?" అంది నెమలి.

రాజ్యం ఒక్కతే వెళ్ళింది. దొర ఆవలించాడు. "సాక్షులు లేని మాట గాలిమాట. పానకాలు నమ్మకస్తుడు. నేనూ ఒకసారి వాడి దగ్గర..." అని ఆగి, పంజా నాకడంలో పడ్డాడు.

తిరిగొచ్చి రాజ్యం పైడమ్మ ముందు తల వేలాడేసింది. "అత్తా, తప్పు నాదే. చట్టం తెచ్చాను గానీ దాన్ని నక్క మెడలో కట్టించాను. ఇప్పుడు రుజువు చేయాలంటే ఎవరి రహస్యం వాళ్ళే బయటపెట్టుకోవాలి."

"ఎవరికీ నొప్పి లేని రహస్యం ఒకటుంటే బాగుణ్ణు" అన్నాడు అప్పలకొండ, ఇప్పపూలు నములుతూ.

రాజ్యం తల చటుక్కున లేచింది. "బాబాయ్, ఏమన్నావ్? మళ్ళీ అను!"

అప్పలకొండ మళ్ళీ అన్నాడు. ఏమన్నాడో ఆయనకే సరిగా తెలీదు. రాజ్యం మాత్రం రెక్కలు టపటపలాడించి, ఇద్దరినీ దగ్గరికి పిలిచి గుసగుసగా చెప్పింది. విన్న పైడమ్మ ముళ్ళు లేచాయి.

"కాపులో అబద్ధమాడతారేటే? తప్పు కాదూ!"

"గొడుగు తినకుండా పడుకుంటే అది కాపెలాగవుద్ది అప్పా? అది నిద్దర" అన్నాడు అప్పలకొండ. పైడమ్మ ముళ్ళు దించింది.

రాజ్యం మళ్ళీ గుగ్గిలం చెట్టెక్కింది. "దొరా, ఇవాళ ఎలుగు పానకాలుకి కాపులో ఒక మాట చెబుతాడు. వాగు పక్కన పడిపోయిన మద్దిచెట్టు తొర్రలో తేనెపట్టు దాచానని. అక్కడ తేనె లేదు. ఈ మాట పైడమ్మకీ, ఎలుగుకీ, నాకూ, ఇప్పుడు మీకూ తప్ప ఎవరికీ తెలీదు. రేపు పొద్దున మీరు పొదలో కూర్చుని చూడండి, చాలు."

"నక్క రాకపోతే?"

"పైడమ్మ తనంతట తానే ఏరు దాటి వెళ్ళిపోతానంది."

దొర ఆవలింత సగంలో ఆపేశాడు. "వస్తాను" అన్నాడు.

ఆ మధ్యాహ్నం అప్పలకొండ పానకాలు ముందు వెల్లకిలా పడుకున్నాడు. గొడుగుని దవడలో దాచుకున్నాడు. కాసేపటికి కాళ్ళు కొట్టుకుంటూ మూలిగాడు. "ఒలమ్మో... తేనె... నా తేనె..."

"ఏ తేనె బాబూ? చెప్పు, చెప్పు. మనసులో ఏదీ దాచుకోకూడదు" అన్నాడు పానకాలు, చెవి దగ్గరగా పెట్టి.

"పడిపోయిన మద్దిచెట్టు... తొర్ర... ఎవుళికీ చెప్పకు బాబూ..."

"నా ముద్ర మీద ఒట్టు" అంటూ పానకాలు గుటక మింగాడు. ఆ గుటక ఎంత గట్టిగా వినిపించిందంటే, నవ్వు ఆపుకోవడానికి అప్పలకొండ నిజంగానే ఏడవాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దున మద్దిచెట్టు చుట్టూ ఉన్న పొదల్లో దొరా, ఎలుగూ, రాజ్యం అప్పటికప్పుడు పిలుచుకొచ్చిన కుందేలూ, నెమలీ, కోతీ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. సీతాలు కూడా దూరంగా నిలబడింది. తొర్రలో పైడమ్మ, గుమ్మం వైపు వీపు పెట్టి సర్దుకుంది. ఆవిడ ముళ్ళు లేచే ఉన్నాయి. కోపంతో కాదు, భయంతో. నక్క రాకపోతే ఏమిటన్నది ఇప్పుడు ఆలోచిస్తోంది. పందెం వేసేముందు ఆలోచించే అలవాటు ఆవిడకి లేదు.

ఆకులు చప్పుడయ్యాయి. పానకాలు అటూ ఇటూ చూసి, మెడలో ఆకు మాసిపోకుండా వీపు మీదికి తిప్పుకుని, మూతిని తొర్రలోకి దూర్చాడు.

తరవాత వచ్చిన కేక అవతలి కొండకి వినిపించింది.

పానకాలు వెనక్కి పడ్డాడు. మూతినిండా ముళ్ళు, తిరగేసిన చీపురుకట్టలా ఉన్నాయి. పొదల్లోంచి దొర లేచాడు. వెనకాల అందరూ లేచారు. తొర్రలోంచి పైడమ్మ తాపీగా బయటికొచ్చింది.

"ఇక్కడేం పని పానకాలూ?" అన్నాడు దొర.

పానకాలుది మామూలు బుర్ర కాదు. కళ్ళనీళ్ళు కారుతూనే చేతులు జోడించాడు. "వైద్యంలో భాగమే ప్రభూ! రోగి చెప్పింది కలో నిజమో తేల్చుకోవాలి కదా. ఎలుగు క్షేమం కోరి, నా మూతిని కూడా లెక్కచేయకుండా పరీక్షకొచ్చాను."

దొర గడ్డం గోక్కున్నాడు. "ఊఁ. మాటలో అర్థం ఉంది."

పైడమ్మకి ఏరు అవతలి ఒడ్డు కళ్ళముందు కనబడింది. దూరంగా సీతాలు తనవైపే చూస్తోంది. ఆ చూపు చూడలేక తల దించుకుంది.

పానకాలు అక్కడితో ఆగి ఉంటే ఈ కథ వేరేగా ఉండేది. కానీ గెలుస్తున్నవాడికి ఇంకాస్త గెలవాలని ఉంటుంది. దొర తలాడించడం చూసి రెచ్చిపోయాడు.

"నా కడుపులోంచి మాట బయటికి పోతుందంటారా! ప్రభువులే సాక్షి! ఉరుము వినిపిస్తే గుహలో ఎండుటాకుల కింద తల దూర్చి 'అమ్మా, అమ్మా' అని ఏడుస్తానని మొన్న కాపులో తమరు చెప్పలేదా? ఇప్పటిదాకా ఒక్క ప్రాణికైనా చెప్పానా? చెప్పండి!"

కోతి తన తోకని తానే నోట్లో కుక్కుకుంది. కుందేలు ఆకాశంలోకి చూసింది. దొర చెవులు మెల్లగా వెనక్కి వాలాయి.

రాజ్యం కొమ్మ మీంచి వినయంగా అంది: "నా వాదన అయిపోయింది దొరా."

దొర వచ్చి టేకాకుని పళ్ళతో తెంపాడు. "ఏరు దాటు" అన్నాడు. అంతకంటే ఎక్కువ మాట్లాడే స్థితిలో లేడు పాపం.

"ఆగండి దొరా" అంది పైడమ్మ. "ఆ మూతితో ఏరు దాటితే నీళ్ళు కూడా తాగలేక చస్తాడు. ముళ్ళు నావి, నేను తీస్తాను."

ఏటి ఒడ్డుకి తీసుకెళ్ళి ఒక్కో ముల్లూ లాగుతుంటే పానకాలు "అమ్మా, అమ్మా" అని ఏడ్చాడు. అయ్యాక గొంతు తగ్గించి అడిగాడు. "ఇలా ఏడ్చానని ఎవరికీ చెప్పకక్కా."

"ఒక్కసారి గొడుగు తిని నా దగ్గర ఏడ్చి ఉంటే, నా కడుపులోనే ఉండిపోయేది కదరా" అంది పైడమ్మ. ఆ మాటలో కోపం లేదు. పానకాలు మూతి నాక్కుంటూ ఏట్లో దిగాడు.

దొర ముద్ర పైడమ్మకిస్తానన్నాడు. "నా మెడలో ఏం కడితే అది చిరిగిపోద్ది దొరా. ఎవరు కాపు కూర్చోవాలో కాపు అయినవాళ్ళే చప్టాబండ మీద తేల్చుకోనీయండి" అంది. ఈసారి రాజ్యం సంబరపడి ఎగిరిపోలేదు. ఎవరు తేలుస్తారు, ఎలా తేలుస్తారు, తప్పు చేస్తే ఏమవుతుంది అని దొర తల తిరిగిపోయేదాకా అడిగి, అప్పుడు లేచింది.

గొడుగులు అయిపోకముందే పైడమ్మ ఏటి ఒడ్డున సీతాలు పక్కన కూర్చుంది. పొద్దు వాలేదాకా కదలలేదు. ఆఖరికి సీతాలు లేచి, నీళ్ళలోకి దిగి, వంగి తాగింది. పైడమ్మ అది తాగినంతసేపూ అటు తిరిగి ఏడ్చింది. సీతాలు ఆ రోజు ఏం చూసిందంటారా? నాకు తెలీదు. పైడమ్మ ఎవరికీ చెప్పలేదు.

ఆ వారంలో ఒక సాయంత్రం మబ్బు పట్టింది. చప్టాబండ దగ్గరికి దొర వచ్చి నిలబడ్డాడు. "ఇప్పపూలున్నాయా?" అన్నాడు, ఎటో చూస్తూ. అప్పలకొండ జరిగి చోటిచ్చాడు. ఇంతలో ఉరిమింది. దొర గబుక్కున అప్పలకొండ చంకలో తల దూర్చాడు. ఒక్కరూ అటు చూడలేదు. కోతి కూడా చూడలేదు.

నీతి: ఒకరి కన్నీళ్ళ పక్కన కూర్చునే అర్హత మెడలో కట్టుకున్న ముద్రతో రాదు, విన్నది దాచుకునే కడుపుతో వస్తుంది.