పల్లకీ దిగిన గట్టమ్మ తల్లి

ఉసిరివలస గట్టు ఎక్కే కాలిబాటలో సగం దూరం నడిచాక, ఒక మలుపులో, దారికి నట్టనడుమ చిన్న గుడి కనిపిస్తుంది. బాట అక్కడ రెండుగా చీలి, గుడిని చుట్టి, మళ్ళీ ఒకటవుతుంది. లోపల మూరెడు ఎత్తున్న నల్లరాతి అమ్మవారు. పీఠం లేదు. రెండు పాదాలూ మట్టినేల మీదే ఉంటాయి. కొత్తగా వచ్చిన భక్తులు "అయ్యో, అమ్మకు ఒక పీఠమైనా కట్టించలేకపోయారా?" అని మా మీద జాలిపడుతుంటారు. ఆ జాలి మాకు అక్కర్లేదు. పీఠం చేయించగలవాళ్ళు ఈ గట్టు చుట్టుపక్కల ఏడు ఊళ్ళలోనూ ఉన్నారు. అమ్మే వద్దంది.

పూర్వం ఇక్కడ గుడి లేదు. గట్టమ్మ తల్లి పైన ఉసిరివలసలో ఎత్తైన గద్దె మీద ఉండేది. ఏటా వైశాఖంలో సంబరానికి ఆమెను టేకు పల్లకీలో కూర్చోబెట్టి, ఎనిమిది మంది బోయీలు ఏడు ఊళ్ళు తిప్పేవారు. ఒకసారి భుజానికెత్తిన పల్లకీ ఏడో ఊరు దాటేవరకూ నేల తాకకూడదన్నది కట్టడి. తాకితే ఆ ఏడు వాన పడదని భయం. ఆడవాళ్ళ చెయ్యి దాని మీద పడకూడదన్నది ఇంకో కట్టడి. ఈ రెండోది ఎవరు పెట్టారో తెలియదు గాని, పెట్టినవాళ్ళు కూడా ఆడదాని కడుపునే పుట్టారు.

ఒక ఏడు సంబరం మొదటిరోజు పొద్దున్నే ఉసిరివలసలో గున్నమ్మ అనే ఇల్లాలికి నొప్పులు మొదలయ్యాయి. తొలి కాన్పు. ఆమె పెనిమిటి సింహాద్రి బోయీ. అప్పటికే పల్లకీ ముందు భాగాన భుజం పెట్టి కింది ఊళ్ళలో తిరుగుతున్నాడు. మంత్రసాని అసిరమ్మ చూసేసరికి బిడ్డ అడ్డం తిరిగి ఉంది. ఇది తన చేతిలో పని కాదని అసిరమ్మ వెంటనే ఒప్పుకుంది. అలా ఒప్పుకోవడం ఎంత గొప్పో, ఒప్పుకోని వైద్యుల చేతిలో పడ్డవారికి తెలుస్తుంది. గట్టు దిగి ఆరు మైళ్ళు పోతే దాతలు కట్టించిన ధర్మాసుపత్రి ఉంది. బండి దారి లేదు. మగవాళ్ళంతా సంబరంలో ఉన్నారు. నలుగురు ఆడవాళ్ళు గున్నమ్మను నులకమంచం మీద వేసుకుని బయలుదేరారు. సరిగ్గా ఈ మలుపులో మంచం పట్టె విరిగింది. కింది నుంచి డప్పులతో పల్లకీ ఎదురొచ్చింది.

అసిరమ్మ దారికి అడ్డంగా నిలబడింది. ఊరి పెద్ద రామినాయుడు కేకలేశాడు.

"అడ్డు లెగు ముసిల్దానా! అమ్మోరొస్తంటే కనపడతం నేదా?"

"కనపడతంది బాబూ. తవఁరికే గున్నమ్మ కనపడతం నేదు. పల్లకీ దించండి."

"దించితే ఏడూళ్ళకీ వానుండదు. ఒక్క మనిసి కోసం అందర్నీ సంపమంటావేటి?"

అసిరమ్మ అమ్మవారి వైపు తిరిగింది.

"ఏటమ్మా, ఏడూళ్ళకీ తల్లినని ఊరేగుతన్నావు. పిల్ల నేల మీద పడి కొట్టుకుంటంటే పట్టుదిండు మీంచి సూత్తావేటి? తల్లివైతే దిగు. కాకపోతే ఆ మాట సెప్పీ, మా దారి మేం సూసుకుంటాం."

డప్పులు ఆగిపోయాయి. పల్లకీ బరువెక్కింది. ఎనిమిది మంది మోకాళ్ళూ వంగాయి, పల్లకీ నేల తాకింది. అమ్మే బరువైందని పెద్దలు చెబుతారు. ముందు సింహాద్రి మోకాలు వంగిందని, అతణ్ణి చూసి తక్కిన ఏడుగురూ వంగారని అసిరమ్మ వంశంవారు చెబుతారు. మాకు రెండూ అమ్మ మహిమే. అసిరమ్మ అమ్మవారిని రెండు చేతులా ఎత్తి నేల మీద నిలబెట్టి, ఆ పట్టుదిండు మీద గున్నమ్మను పడుకోబెట్టింది. బోయీలు ఆరు మైళ్ళూ పరుగెత్తారు. పొద్దు వాలకముందే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కారు. వాన సంగతి అడగబోతారేమో, ఆ ఆషాఢంలో గట్టు కింద పారే గెడ్డ రెండుసార్లు పొంగింది.

రామినాయుడు అమ్మను మళ్ళీ గద్దె ఎక్కించాలని చూశాడు. విగ్రహం కదలలేదు. పోనీ ఇక్కడే పీఠం వేద్దామని రాయి చెక్కించాడు. తెల్లవారుజామున అమ్మ కలలోకి వచ్చింది.

"నాయుడా, నన్నెక్కించకు. రేపింకెవులికో పల్లకీ కావాల. మళ్ళీ దిగమంటావేటి? అది ఆళ్ళకిచ్చీ. నాకీ నేల సాలు."

నాయుడు మొండివాడే గాని మూర్ఖుడు కాదు. ఆ పీఠం రాయిని గుడి పక్కన పల్లకీ ఉంచే పాకకు మెట్టుగా వేయించాడు. రోగిని ఎక్కించేవారు నేటికీ దాని మీదే కాలు మోపుతారు.

ఆనాటి నుంచి పల్లకీ ఏడు ఊళ్ళ రోగులది. పాకకు తలుపు లేదు, తాళం లేదు. ఇప్పుడు గట్టు కిందికి తారురోడ్డు, అంబులెన్సు వచ్చాయి. ఇంటి నుంచి అక్కడి దాకా నేటికీ పల్లకీయే. ఇక్కడ బంగారం మొక్కుకోరు. దుప్పటో, మోకుతాడో ఇస్తారు. అన్నిటికన్నా పెద్దది భుజం మొక్కు: ఏటా ఇన్నాళ్ళు పల్లకీ మోస్తానని మాట ఇవ్వడం. ఆడవాళ్ళూ మొక్కుకుంటారు, మోస్తారు. పల్లకీలో వెళ్ళి పుట్టిన బిడ్డను తెచ్చి, అమ్మ పాదాల పక్కనే మట్టిలో పాదాలు ఆనిస్తారు.

సంబరానికి పల్లకీ పక్క పరుచుకుని ఖాళీగా ఊరేగుతుంది. నిరుడు మూడో ఊరిలో ఒకాయనకు గుండెనొప్పి వస్తే, ఊరేగింపు డప్పులతో సహా రోడ్డు వైపు తిరిగింది. మిగిలిన నాలుగు ఊళ్ళవాళ్ళూ అలగలేదు. హారతి పళ్ళేలు పట్టుకుని గట్టు కిందికే వచ్చారు. ఆయన ఈ ఏడు భుజం మొక్కు తీర్చుకున్నాడు.

మీరు వచ్చిన రోజున పాక ఖాళీగా ఉంటే నిరాశపడకండి. ఇక్కడ అంతకు మించిన దర్శనం లేదు. పల్లకీ తిరిగి వచ్చేదాకా అమ్మ పక్కన నేల మీదే కూర్చోండి. మోసినవాళ్ళు అలిసిపోయి వస్తారు. ఎదురెళ్ళి, ఈ ఆఖరి మలుపు వరకైనా ఒక భుజం పట్టండి. అమ్మ చల్లని చూపు మీ ఇంటిపై ఉంటుంది. మీకు కష్టమొచ్చిన రోజున మీ వాకిట్లో ఎనిమిది భుజాలు నిలబడి ఉంటాయి.