చిడతలో చిల్లు కాణీ

భీమశంకరం భాగవతార్ గారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. చిడతలు చేతిలోకి తీసుకుని ఒక్కసారి ఆడించి, ఆ మోత పూర్తిగా ఆగాకే నోరు విప్పేవారు. రేపల్లెలో ఆయన దగ్గర హరికథ నేర్చుకున్నవాళ్లంతా ఆ మోత ఆగేదాకా చెవులప్పగించి కూర్చున్నవాళ్లే.

ఆ శిష్యుల్లో గరుడాచలానికి టైఫాయిడ్ వచ్చి తగ్గాక గొంతులో పైస్థాయి పోయింది. పైషడ్జం అందుకోబోతే గాలి తప్ప స్వరం రాదు. కొన్నాళ్లు ఆ చోట్లన్నీ అరుపులతో, హార్మోనియం హోరుతో కప్పిపుచ్చుకొచ్చాడు. మొన్నటి కథలో ముందువరసవాళ్లు లేచిపోవడం కళ్లారా చూశాక ఇక చాలనుకున్నాడు. మేనమామ బట్టల కొట్లో పని సిద్ధంగా ఉంది. తెల్లారితే ప్రయాణం.

"గురువుగారూ, గొంతులో సగం పోయినవాడికి ఈ విద్యలో చోటుందాండీ?" అని అడిగి, తాను బాగుచేయించి తెచ్చిన చిడతలు ఆయన ముందు పెట్టాడు. వెళ్లేముందు ఆమాత్రం సేవైనా చేశానన్న తృప్తి మిగలాలని అతని ఆశ.

ఆ చిడతల్లో అన్నీ ఇత్తడి బిళ్లలే గాని ఒకటి మాత్రం చిల్లు కాణీ. ఇప్పటివాళ్లు చూసి ఉండరు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో రాగికి కరువొచ్చి, సర్కారువారు కాణీ నడిమిభాగం తొలిచేసి ఉంగరంలాంటి నాణెం జనం చేతుల్లో పెట్టారు. దాంతో కొట్టుకెళ్తే బఠాణీలు పొట్లం కట్టి ఇస్తూనే, "మధ్యది ఎవరు తిన్నారమ్మా?" అని వేళాకోళం ఆడేవాళ్లట. తల్లులు మాత్రం ఆ చిల్లును చూసి ముచ్చటపడ్డారు. మొలతాడుకు గుచ్చి పిల్లలకు కట్టారు. భాగవతార్ గారికీ వాళ్లమ్మ అలాగే కట్టింది. తర్వాత నయాపైసలొచ్చాయి, కాణీని పుచ్చుకునేవాడే లేకుండా పోయాడు. అమ్మా పోయింది. ఆయన ఆ కాణీని రాగితీగతో చిడతకు వేలాడదీసుకున్నారు. కథ మధ్యలో అది మోగినప్పుడల్లా బోసిమొలతో వీధిలో పరిగెత్తడం, వెనక అన్నం గిన్నెతో అమ్మ రావడం గుర్తొచ్చి ఆయనకు ప్రాణం లేచొచ్చేది.

ఈమధ్య ఆ తీగ తెగింది. గరుడాచలం కంసాలి చేత చిల్లులో సీసం పోయించి, నడిమధ్య సన్నని బెజ్జం వేయించి, మిగతా బిళ్లల్లాగే మేకుకు బిగింపించి తెచ్చాడు. ఇక జన్మలో ఊడదని మురిసిపోయాడు కూడా.

భాగవతార్ గారు చిడతలు ఆడించారు. ఇత్తడి ఘల్లుమంది, కాణీ టక్కుమంది. మళ్లీ ఆడించారు. అదే టక్కు. ఆయన ముఖం వాడిపోయింది. తాను చేసిన పనేమిటో గరుడాచలానికి అప్పుడు తెలిసొచ్చింది.

"కుంపటి రాజెయ్యరా" అన్నారాయన మెల్లగా.

మేకు ఊడదీశారు. గరుడాచలం కాణీని పట్టకారుతో పట్టుకుని నిప్పుల మీద ఉంచాడు. సీసం మెత్తబడి, బొట్లు బొట్లుగా బూడిదలోకి జారింది. చల్లారాక చింతపండుతో తోమాడు. కొత్త తీగ మాత్రం ఆయనే చుట్టుకుని, చిడతలు ఆడించారు. కాణీ సన్నగా, తీయగా మోగి, ఎంతకీ ఆగలేదు. ఆయన కళ్లు తడయ్యాయి.

"బోసిగా ఉందని నిండుగా చేయించానండీ" అన్నాడు గరుడాచలం తలొంచుకుని.

భాగవతార్ గారు మోత ఆగేదాకా కూర్చుని, చిడతలు అతని చేతిలో పెట్టారు.

"రేపు కథ నువ్వే చెప్పు. నీ గొంతుకు అందని చోటు వస్తుంది. దాన్ని పూడ్చకు."