పన్నెండో పుటలో నాగూర్

విజయవాడలో మార్కండేయులు అని ఒక పనిమంతుడు ఉండేవాడు, కానీ లేనిదాన్ని ఉన్నట్టు రాయకుండా ఉండలేకపోవడం అతని జబ్బు.

ఆ జబ్బే అతనికి అన్నం పెట్టేది. ఫోన్లో ఎవరు ఏం వెతికినా తనకు పని ఇచ్చినవాళ్ల పేరే ముందు వచ్చేలా చెయ్యడం అతని వృత్తి. "వెతికే యంత్రం మనిషి కాదండీ," అని వచ్చినవాళ్లకు చెప్పేవాడు. "లోకంలోని పేజీలన్నీ ముందే చదివేసి, ఏ మాట ఏ పేజీలో ఉందో జాబితా రాసిపెట్టుకుంటుంది. ఎక్కువ పేజీలు దేన్ని చూడమంటే దాన్ని గొప్పదనుకుంటుంది. మాటలు మనం పెడదాం. చూడమని చెప్పే పేజీలు కూడా మనమే తయారుచేద్దాం."

వాయిద్యాలు అమ్మే పానకాలరావు ఈ మాటలకు పడిపోయాడు. ఆయన కొట్టులో హార్మోనియం అమ్మేవాళ్లే తప్ప బాగుచేసేవాళ్లు లేరు. అయినా మార్కండేయులు తెనాలికొకటి, చీరాలకొకటి, ఒంగోలుకొకటి చొప్పున నూటపన్నెండు ఊళ్లకు నూటపన్నెండు పేజీలు రాశాడు. ఊరి పేరు మారడమే గానీ అన్నిటిలోనూ ఒకటే మాట: ‘దస్తగిరి సాయిబు పద్ధతిలో హార్మోనియం రిపేరు, మీ ఊళ్లోనే.’ ఒక పేజీ ఇంకో పేజీని తెగ మెచ్చుకునేది. కొద్ది రోజుల్లోనే అవన్నీ పైకెక్కి కూర్చున్నాయి.

దస్తగిరి సాయిబు పేరు ఊరికే పెట్టలేదు. పద్యనాటకాలు ఆడేవాళ్లకు ఆ పేరంటే గురి. తెనాలిలో ఆయన కొట్టులోనే మార్కండేయులు పని నేర్చాడు. సాయిబు పోయాక ఆయన కొడుకు నాగూర్ వలి, మార్కండేయులు కలిసి కొట్టు నడిపారు. మార్కండేయులు తిత్తి పట్టి గాలి ఊదుతుంటే నాగూర్ చెవి ఒగ్గి, స్వరం పలికే ఇత్తడి రీడును ఒక్కొక్కటే గీకి శ్రుతి చేసేవాడు. ఒకరోజు మార్కండేయులు బోర్డు మీద ‘ఇచ్చట జర్మన్ రీడ్లు వేయబడును’ అని రాయించాడు. అన్నిటికంటే మేలైనవని పేరున్న ఆ జర్మన్ రీడు కొట్టులో ఒక్కటీ లేదు. నాగూర్ తడిగుడ్డ తెచ్చి, రంగు ఆరకముందే ఆ అక్షరాలు తుడిచేశాడు.

"లేనిది ఉందని చెప్పమాకురా. మనల్ని నమ్మి వస్తారు వాళ్లు," అన్నాడు.

"నీతో ఉంటే ఇట్టాగే ఈగలు తోలుకోవాలి," అని మార్కండేయులు చెప్పులేసుకుని, ఫోన్లలో వెతికే పని నేర్చుకుంటానని వెళ్లిపోయాడు.

కోపం ఏడాదికే చల్లారింది. తిరిగి వెళ్లి చూస్తే కొట్టూ లేదు, నాగూరూ లేడు. పదేళ్లు గడిచిపోయాయి. రోజూ పొద్దున్నే, కాఫీ తాగకముందే, మార్కండేయులు ఫోన్లో ‘దస్తగిరి హార్మోనియం’ అని వెతికేవాడు. రెండేళ్లకు పైగా ఎప్పుడు చూసినా తన పేజీలే వచ్చేవి. పని బాగా చేశానని కాసేపు మురిసి, మనిషి దొరకలేదని ఉసూరుమంటూ ఫోను పక్కన పెట్టేవాడు. వచ్చిన జాబితాలో మొదటి పుట దాటి ఎప్పుడూ వెళ్లలేదు. ఆ తర్వాతి పుటలకు ఎవరూ వెళ్లరని అందరికీ చెప్పేది తనే కదా!

ఒకనాడు అతను పానకాలరావు కొట్టులో ఉండగా, నాటకాలకు హార్మోనియం వాయించే పరబ్రహ్మం గారు పెట్టె భుజాన వేసుకుని రొప్పుతూ వచ్చారు.

"ఏవయ్యా, దస్తగిరి గారబ్బాయి చీరాల్లో ఉన్నాడంటే ఫోన్లో చూసుకుని వెళ్లాను. మీరు రాసిన చోట కొట్టూ లేదు, మనిషీ లేడు. నంబరుకు చేస్తే మీరు పలికారు. మహానుభావుడి పేరు పెట్టుకుని ఇదేం పని?" అని పానకాలరావును నిలదీశారు.

పానకాలరావు నవ్వుతూ కొత్త హార్మోనియం చూపించబోయాడు. మార్కండేయులు మాత్రం పరబ్రహ్మం గారి చెయ్యి పట్టుకున్నాడు.

"నాగూర్ చీరాల్లో ఉన్నాడా?"

"సొంతంగా పేజీ కూడా పెట్టుకున్నాడంటయ్యా. నాకు కనపడితేగా!"

మార్కండేయులు అక్కడే ఫోను తీసి వెతికాడు. వచ్చిన జాబితాలో పుటకు పది పేర్లు. రెండో పుట, ఐదో పుట, పదకొండో పుట, అన్నీ తను రాసినవే. పన్నెండో పుటలో, తన నూటపన్నెండో అబద్ధం కింద, రెండేళ్లనాటి పేజీ ఒకటి కనిపించింది.

‘దస్తగిరి హార్మోనియం రిపేరు. చీరాల, రైలు గేటు పక్కన. జర్మన్ రీడ్లు లేవు. ఉన్నవాటినే శ్రుతి చేస్తాను. తిత్తి పట్టేవాడు లేడు, అందుకని ఆలస్యమవుతుంది. ఇట్లు, నాగూర్ వలి.’

తిత్తి మాట దగ్గర అతని కళ్లు చెమర్చాయి. అది యంత్రం కోసం రాసిన మాట కాదు, తనకోసం రాసింది. రెండేళ్లుగా దాన్ని కప్పేసి కూర్చున్నది తనే.

అందులోని నంబరు పలకలేదు. దొరికిన రైలెక్కి చీరాల వెళ్లాడు. రైలు గేటు పక్కన కొట్టుకు తాళం వేసి ఉంది. పక్కనే టీ కాచే సాయమ్మ అతన్ని ఎగాదిగా చూసింది.

"ఆర్నెల్లయిందయ్యా మూసేసి. ఎవురూ రాలా. టీ తాగను వచ్చినోళ్లందర్నీ అడిగేవోడు, మీ ఫోన్లో మా కొట్టు కనపడతందా అని. ఆకరికి పెట్టె సర్దుకుని బస్సెక్కాడు. ఏ ఊరో చెప్పలా."

"ఇంకేమన్నా అన్నాడా అమ్మా?"

"ఈ ఫోన్లలో ఎతికే పని తెలిసిన నేస్తం ఒకడున్నాడంట. వాడైనా చూడకపోతాడా అనేవోడు."

మార్కండేయులు ఆ తాళం పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. నాగూర్ మీద ఇంత బెంగ ఉందని అతనికి అంతవరకూ తెలియదు.

మర్నాడే నూటపన్నెండు పేజీలూ తీసేశాడు. పానకాలరావు తిట్టిపోసి, పని ఇంకొకరికి ఇచ్చుకున్నాడు. మార్కండేయులు ఒకే ఒక్క పేజీ రాశాడు: ‘నాగూర్, నేను మార్కండేయుల్ని. నా దగ్గర జర్మన్ రీడ్లు లేవు. తిత్తి పట్టడానికి రెండు చేతులున్నాయి. ఎక్కడున్నావో చెప్పు, వచ్చేస్తాను.’ పరబ్రహ్మం గారు చెబితే నాటక సమాజాలవాళ్లు ఒక్కొక్కరే ఆ పేజీని చూడమని తమవాళ్లకు చెప్పసాగారు. ఈసారి చూపించేవాళ్లందరూ నిజం మనుషులే.

ఇప్పటికీ అతను కాఫీ తాగకముందే వెతుకుతాడు, చివరి పుట దాకా వెళ్తాడు. నాగూర్ దగ్గరనుంచి ఇంకా కబురు లేదు.

అందరికంటే ముందు కనపడాలని అబద్ధాలు పేర్చుకుంటూ పోయేవాడు, తనకోసం ఎదురుచూసే మనిషిని తన చేతులతోనే కప్పిపెట్టుకుంటాడు.