పలకని అడ్రసు

ఏదైనా అడిగితే వెంటనే బదులు చెప్పే అలవాటు సర్వారాయుడు గారికి లేదు. కొండవాగుల్లో నీటిమట్టం కొలిచే యంత్రాలన్నీ ఉపగ్రహం ద్వారా ఆయన ఆఫీసుకే కబురు పంపుతాయి. ఒక్కో యంత్రానికి ఒక్కో ఐపీ అడ్రసు. మొదటి అడ్రసు నుంచి చివరిదాకా వరసగా పలకరించుకుంటూ పోయే కంప్యూటర్ ప్రోగ్రాం లూప్‌ను ఆయన శిష్యుడు సుగుణాకర్ రాశాడు. పలకని అడ్రసు దగ్గర అది ఆగిపోతోందని, ఆగకుండా దాటిపోయేలా ఈ వానాకాలం మొదట్లోనే మార్చాడు.

"పలకనిదాని కోసం కాచుకుని కూర్చుంటే మిగతావన్నీ ఆలస్యమవుతున్నాయండీ. దాటిపోతే తప్పేముంది?" అని అడిగాడు ఒక ఉదయం.

గురువు తెరకేసి కాసేపు చూశారు. "పలకనివాటిలో ఒకదాన్ని చూసొద్దాం పద," అన్నారు.

వరదకు కోసుకుపోయిన దారిని అప్పుడప్పుడే పూడుస్తున్నారు. జీపు దిగి, బురదలో కాళ్ళీడ్చుకుంటూ వాగు ఒడ్డుకు చేరారు. యంత్రం చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని కనిపెట్టుకుని ఉండే గంగయ్య మాత్రం కనబడలేదు. పక్కనే ఉన్న గుడిసె గడపలో అతని భార్య ముత్తమ్మ మోకాళ్ళ మీద తల ఆనించుకుని కూర్చుంది.

"దీనికేమైందమ్మా?" అన్నాడు సుగుణాకర్, యంత్రాన్ని చూపిస్తూ.

"ఏమీ కాలేదు బాబూ. నేనే తీగ పీకేశాను."

అతను ముఖం చిట్లించాడు. ఆమె అది గమనించినట్టు లేదు.

"మా ఆయన్ని పాము కరిచింది. వాగు పొంగి ఎటూ కదల్లేం. ఇక్కడ ఫోన్లు పనిచెయ్యవు. 'ఆ తీగ పీకెయ్యి. అది నోరు మూసిందంటే ఏమైందోనని ఆఫీసోళ్ళు పడవేసుకునైనా వస్తారు' అన్నాడు. పీకేసి, ఒడ్డున నిలబడి చూస్తానే ఉన్నాను. మర్నాడు పొద్దుగూకేదాకా ప్రాణం ఉంది బాబూ." ఆమె తలెత్తింది. "అక్కడ మీకేం తెలియలేదా?"

 సుగుణాకర్ వంగి తీగ అందుకున్నాడు.  గురువు దాన్ని అతని చేతిలోంచి తీసుకుని తానే బిగించారు. ఆమెకు నమస్కరించి వెనుదిరిగారు.

 జీపు ఎక్కబోతూ సుగుణాకర్ ఆగాడు.

"ఆ అడ్రసు నుంచి మనకు జవాబే రాలేదు కదండీ..."

సర్వారాయుడు గారు వాగు వైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డారు.

"వచ్చిందయ్యా," అన్నారు.