నాన్న వీపు మీద పరీక్ష

బుడతలవలసలో పోలయ్య మేస్త్రి ఇంటిని మించిన తెలివైన ఇల్లు లేదు. ఈ మాట ఊరివాళ్ళు అనలేదు, పోలయ్యే అన్నాడు. "సెప్పింది సెప్పినట్టు సెయ్యడం, అదే తెలివంటే," అని మీసం దువ్వేవాడు. భార్య అసిరమ్మ అవునని తలూపేది. తల్లి తవుడమ్మ, "మా వంశంలోనే ఉంది బావూ!" అని చుట్ట వెలిగించేది.

ఊరి ప్రాథమిక పాఠశాలకి ప్రహరీ గోడ పని వీళ్ళదే. పెద్దమాస్టారు, "నేనొచ్చేదాకా కడుతూ ఉండండి" అని చెప్పి మండలాఫీసుకి వెళ్ళాడు. అక్కడ ఆయన చేతిలో బదిలీ కాగితం పెట్టారు. అంతే, ఆయన అటునుంచి అటే పోయాడు. వీళ్ళు మాత్రం కడుతూనే ఉన్నారు. ఏడాది తిరిగేసరికి గోడ తాడిచెట్టంత లేచింది. దాని నీడకి పక్క కళ్ళాల్లో ధాన్యం ఎండడం మానేసింది.

ఇంత తెలివైన పోలయ్యకీ ఒక దిగులుంది. కూతురు పైడితల్లి అయిదో తరగతి. ఏడాది చివరి పరీక్ష బాగా రాస్తే గురుకులంలో సీటు, లేకపోతే తనలాగే నెత్తిన ఇటుకలు. ఆ చిన్న తల మీద ఇటుకల తట్ట తలుచుకుంటే చాలు, పోలయ్యకి ముద్ద దిగేది కాదు.

ఒకరోజు మంగతాయారు టీచరు పిలిచి చెప్పింది. "మీ పిల్లకి బుర్ర ఉందయ్యా. కానీ పాఠం చెబుతున్నంతసేపూ కిటికీలోంచి బయటికే చూస్తుంది. ఆ కిటికీ లేకపోతే క్లాసులో మొదటిది అయ్యేది!"

"ఓస్, ఇంతేనా టీచరమ్మా! ముందే సెప్పాల!"

ఇంకేముంది, ఆదివారం ఇంటిల్లిపాదీ దిగారు. గదికున్న ఆ ఒక్క కిటికీ పీకారు, కన్నం ఇటుకలతో మూశారు, పైన సున్నం కూడా కొట్టారు. సోమవారం టీచరు హాజరు పిలిస్తే ఎవరు పలుకుతున్నారో తెలియలేదు. తడుముకుంటూ వెళ్ళి నల్లబల్ల అనుకుని ఓ పిల్లవాడి నెత్తి మీద అ ఆలు రాసింది.

"పోలయ్యా! గదిలోకి వెలుతురు రావాలయ్యా!" అని అరిచింది.

ఇంట్లో సభ పెట్టారు. "మన గుంట పైడితల్లి బయటికి సూడకూడదు, వెలుతురు మాత్రం రావాల. ఎలాగే అమ్మా?" అన్నాడు పోలయ్య.

తవుడమ్మ చుట్ట తీసి, "సూరీడెక్కడుంటాడురా? పైన. మరి అడ్డమేటి?" అంది.

అంతే, మర్నాడు బడి తీసేలోపు కప్పు పెంకులన్నీ దింపేశారు. వెలుతురొచ్చింది, వెంట ఎండా వచ్చింది. పిల్లలు అప్పడాల్లా మాడారు. మధ్యాహ్న భోజనం వేళకి ఓ కాకి తిన్నగా దిగి కంచంలో గుడ్డు ఎత్తుకుపోయింది. టీచరు నెత్తి బాదుకుని, "మీకో దండం! బడి మునుపు ఎలా ఉండేదో అలాగే చేసి పెట్టండి, చాలు!" అంది.

అలాగే చేశారు. కిటికీ పెట్టారు. కప్పు వేశారు. మునుపు పగిలి ఉన్న పెంకుల్ని లెక్కగా పగలగొట్టి మరీ వేశారు. "మూలల్లో బూజుండేది కదేటి?" అని గుర్తు చేసుకుని, అసిరమ్మ ఇంటినుంచి సాలీళ్ళని కొంగులో పట్టుకొచ్చి వదిలింది.

కిటికీ తిరిగొచ్చింది కదా, పైడితల్లి చూపూ తిరిగి బయటికే పోయింది. రేపు పరీక్ష అనగా పోలయ్యకి ఓ మాట తట్టింది. ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టని మాట. కూతుర్నే అడిగాడు.

"ఆ కిటికీలోంచి ఏటి సూత్తావే గుంటా?"

"నిన్నే నాన్నా. అంత ఎత్తున పరంజీ మీద అటు తిరిగి ఇటుకలు పేరుస్తావు గదా. పడిపోతావేమోనని."

పోలయ్య కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి.

పరీక్ష రోజు ప్రశ్నపత్రాల కట్ట రాలేదు. ఫోనులో వచ్చిన ప్రశ్నల్ని టీచరు నల్లబల్ల మీద రాసింది. "ప్రశ్న చూడండి, దాని కిందే జవాబు రాయండి. ఈ జవాబులు మండలాఫీసుకి పోతాయి, జాగ్రత్త!" అంది. పిల్లలంతా గబగబా ప్రశ్నలు ఎక్కించుకున్నారు. పైడితల్లి మాత్రం కిటికీ వైపే చూస్తోంది.

పరంజీ మీదనుంచి పోలయ్య అది చూశాడు. 'గుంట నన్నే సూత్తాది. నేను నల్లబల్ల కాడుంటే నల్లబల్లే సూత్తాది!' అంతే, ఒక్క దూకు దూకి, లుంగీ ఎగ్గట్టి, చొక్కా లేకుండా, చెమటలు కారుతున్న ఒంటితో లోపలికొచ్చి నల్లబల్లకి వీపు ఆనించి నిలబడ్డాడు.

"సూడండి టీచరమ్మా! సూపు తిప్పిందేటి?"

నిజమే, పైడితల్లి చూపు తిప్పలేదు. టీచరు అతని రెక్క పట్టుకుని పక్కకి లాగింది. నల్లబల్ల నున్నగా ఉంది. ప్రశ్నలన్నీ పోలయ్య వీపు మీదున్నాయి, అదీ తిరగబడి.

అయితేనేం? ఏడాదంతా ఆ వీపునే చూసిన పిల్లకి అక్షరాలు తిరగబడితే లెక్కా! సుద్దముక్క పట్టుకుని చకచకా వచ్చింది. టీచరు ప్రశ్న కిందే రాయమంది కదా. ఒక్కో ప్రశ్న కిందా జవాబు రాసేసింది. టీచరు కుర్చీలో కూలబడి, "కట్టకట్టండి... సీలు వేయండి... పంపించేయండి..." అని గొణిగింది.

ఆ మాట విని, గోడ పనిలో ఉన్న అసిరమ్మా తవుడమ్మా వచ్చి పోలయ్యని పురికొసతో కట్టారు. బొడ్డు దగ్గర ముడి మీద లక్క పోసి సీలు వేస్తే కెవ్వుమన్నాడు, కానీ కదల్లేదు. ఇటుకల బండిలో బోర్లా పడుకోబెట్టి, వీపుకి చెమట పట్టకుండా అసిరమ్మ విసురుతుంటే, తవుడమ్మ తోసుకుంటూ మండలాఫీసుకి చేర్చింది.

ఆఫీసరు కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాడు. "ఏమిటయ్యా ఇది?"

"మా గుంట పేపరు బావూ," అన్నాడు పోలయ్య కిందనుంచి. "మెల్లగా దిద్దండి, నాకు కితకితలు. నవ్వితే లెక్కలు సెరిగిపోతాయి."

ఆఫీసరు దిద్దాడు. ఒక్క తప్పు లేదు. వచ్చిన పేపర్లన్నిటిలో అదే మొదటిది. "పైడితల్లికి గురుకులం సీటు ఖాయం!" అని వీపు మీద ముద్ర గుద్దాడు. అసిరమ్మా తవుడమ్మా ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చారు. "ఇంక ఈయన్ని ఇంటికి తీసుకుపోవచ్చా బావూ?" అని అడిగింది అసిరమ్మ.

ఆఫీసరు నవ్వాపుకోలేక, "దిద్దిన పేపర్లు ఏడాదిపాటు బీరువాలో భద్రం చేయాలమ్మా, రూలు!" అన్నాడు.

ఆ మాటకి పోలయ్య మొహం వెలిగిపోయింది. దొర్లుకుంటూ బండి దిగి, గెంతుకుంటూ వెళ్ళి బీరువాలో కట్టల మధ్య ఒదిగి కూర్చున్నాడు.

"అసిరీ, గుంటని జాగర్తగా గురుకులం బడిలో దింపు," అని, ఆఫీసరుకేసి తిరిగి, "తలుపేసీండి బావూ, దుమ్ము పడతాది" అన్నాడు.