భ్రమరాంబ కలిపిన నలుగు

వైశాఖ శుద్ధ విదియ, ఆదివారం ఉదయం ఏడుంబావుకి, మనిషిని చూడగానే ముందు రంగు కొలిచే భ్రమరాంబ చోడవరంలోని అన్నగారింటి పెరట్లో రోలు ముందు కూర్చుని, రంగు తెస్తాయని నలుగులో కలిపే బావంచాల గింజలు దంచుతూ ఉంది.

భ్రమరాంబ చెడ్డది కాదు. తులసికి నీళ్ళు పోయనిదే కాఫీ తాగేది కాదు. ఎవరింట్లో జ్వరమన్నా చారు కాచి పట్టుకెళ్ళేది. ఆ ఒక్క పిచ్చి మాత్రం ఉండేది. ఎవరికి బిడ్డ పుట్టినా పురిటిగదిలోకి వెళ్ళి, ముఖమైనా చూడకుండా, చెవులు మడిచి వెనక రంగు చూసేది. "ఫరవాలేదు, తేరుకుంటుంది" అనో, "ఇంతే" అనో తీర్పు చెప్పేది. మేనకోడలు వకుళ పుట్టినప్పుడు ఆ తీర్పు "ఇంతే" అయింది.

ఇప్పుడా వకుళకు ఇరవై నాలుగేళ్ళు. ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరు. నోట్లో ఈల పెట్టుకుని ఎండలో అరవై మందిని పరుగులు పెట్టించేది. పదో రోజున పెళ్ళి. పెళ్ళికొడుకు రామగోపాలం నర్సీపట్నం తోటల ఆఫీసులో పని చేసేవాడు.

"అబ్బాయి పనసతొనలా ఉన్నాడు. పీటల మీద పక్కన మన పిల్ల కూర్చుంటే జనం ఏమంటారు వదినా?" అంది భ్రమరాంబ.

"ఏమంటారు, అక్షింతలు వేసి భోజనానికి లేస్తారు" అంది వకుళ తల్లి రాజ్యలక్ష్మి.

ఆ ఇంట్లో సున్నిపిండికి ఒక కొలత ఉండేది. కాలం చేసిన పెద్దావిడ, అంటే భ్రమరాంబ తల్లి, పెట్టిన కొలత. మానెడు పెసలకి బావంచాలు చిటికెడే. నలుగు పెట్టుకున్న పిల్ల ఆ రోజు గడప దాటకూడదన్నది కూడా ఆవిడ నియమమే. ఎందుకని అడిగితే "మా అత్తగారు చెప్పింది" అనేది. ఆ పైన ఎవరూ అడిగేవారు కాదు.

భ్రమరాంబ లెక్క వేరు. చిటికెడు ఇంత మేలు చేస్తే గుప్పెడు ఎంత చేస్తుందో! గుప్పెళ్ళతోనే వేసింది. పైన నాలుగు నిమ్మకాయలు పిండింది. వకుళను పీట మీద కూర్చోబెట్టి మెడకీ చేతులకీ పట్టించి రుద్దింది.

"అత్తా, చురచురలాడుతోంది."

"ఆడాలి మరి. రంగు ఊరికే వస్తుందా!"

"త్వరగా కానీ. పది గంటలకి పిల్లలకి కబడ్డీ ఉంది. గురువారం పొద్దున్నే ఆఖరి ఆట."

"అత్తయ్యగారే ఉంటే నిన్ను గడప దాటనిచ్చేవారా?" అంది రాజ్యలక్ష్మి.

"వెళ్ళనీ వదినా" అని భ్రమరాంబ తేల్చేసింది. "కానీ సబ్బు రాయకే. ఒట్టి నీళ్ళు పోసుకో. మందు ఒంట్లో ఇంకాలి."

వకుళ టోపీ పెట్టుకుని ఎండలోకి వెళ్ళింది. భ్రమరాంబ కూడా తన చేతులు పైపైన కడుక్కుని, మిద్దె మీదికెక్కి మిట్టమధ్యాహ్నం దాకా వడియాలు పెట్టింది.

సోమవారం పొద్దున్న వకుళ మెడ కొంచెం ఎర్రబడింది. "చూశావా, నిగారింపు మొదలైంది" అని మురిసిపోయింది భ్రమరాంబ. మంగళవారం తెల్లవారేసరికి వకుళ మెడా చేతులూ ఇస్త్రీపెట్టె తగిలినట్టు కమిలిపోయాయి. మోచేతుల దాకా నీటిపొక్కులు. "అయ్యో తల్లీ!" అని భ్రమరాంబ చేతులు చాచింది. చూస్తే తన చేతుల మీదా అవే పొక్కులు.

ఇద్దరూ రిక్షా ఎక్కి డాక్టర్ జుబేదా దగ్గరికి వెళ్ళారు. బయట బల్ల మీద చెమటకాయలతో ఏడుస్తున్న పిల్లవాడు, చంక గోక్కుంటున్న తామర ఆసామి ఉన్నారు. వాళ్ళ పక్కన పెదవుల చుట్టూ, వేళ్ళ కొసల్లోనూ తెల్లమచ్చలున్న ముసలాయన. బొల్లి. తెలుపంటే అంత ఇష్టపడే భ్రమరాంబ ఆ తెలుపు చూసి చప్పున బల్ల చివరికి జరిగింది.

ముసలాయన నవ్వాడు. "అంటదు తల్లీ. ముప్పై ఏళ్ళ నుంచి మా ఇంటిది నా కంచంలోనే తింటోంది. దానికి రాలేదు."

లోపల డాక్టరమ్మ పొక్కులు చూసి, "ఏం పూశారమ్మా?" అంది.

"సున్నిపిండేనండీ."

"అందులో?"

"బావంచాలు... ఓ గుప్పెడు."

"గుప్పెడా?"

"నాలుగు గుప్పెళ్ళు. నిమ్మరసం కూడా" అంది భ్రమరాంబ నేల చూస్తూ.

డాక్టరమ్మకు నవ్వాగలేదు. "బయట ఆ తాతగారున్నారే, ఆయన తెల్లమచ్చలకి రంగు తెప్పించడానికి కొలతగా వాడే మందు మీ బావంచాల్లోనే ఉంది. అది తెల్లబరిచేది కాదమ్మా. అది పూసుకుని ఎండకి పోతే చర్మం కాలుతుంది. మానాక నల్లమచ్చలు పడి నెలల తరబడి ఉంటాయి."

"అంటే... తెల్లగా చెయ్యబోయి..."

"నల్లబరిచారు. మీ చేతులతో సహా."

వకుళ నొప్పిలో కూడా కిసుక్కున నవ్వింది. భ్రమరాంబ కళ్ళలో మాత్రం నీళ్ళు తిరిగాయి.

డాక్టరమ్మ గొంతు మెత్తబడింది. "చర్మం ఊరికే కప్పిన గుడ్డ కాదమ్మా. క్రిములని ఆపే గోడ అది. ఒళ్ళు వేడెక్కితే చెమట పోయించి చల్లబరుస్తుంది. పసిపిల్ల బుగ్గ ఎంత మెత్తనో తెలిసేది దానితోనే. ఇక ఆ నలుపంటారా, అది గొడుగు. ఎండ లోపలికి దిగకుండా దేవుడు పట్టిన గొడుగు. మీరు దాన్నే తీసేయబోయారు."

తడిగుడ్డ వేసుకోమంది, లేపనం ఇచ్చింది. పొక్కులు చిదమొద్దంది. తగ్గేదాకా పసుపూ నలుగూ ముట్టొద్దంది, ఎండలో తిరగొద్దంది. వస్తూ వస్తూ భ్రమరాంబ ఆ ముసలాయన ముందు ఆగింది. "తప్పుగా అనుకోకండి అన్నయ్యగారూ" అంది. "ఏం పర్లేదమ్మా, నాకంటే మీ చేతులే ఎక్కువ మండుతున్నట్టున్నాయి" అన్నాడాయన.

బుధవారం ఇంట్లో అదే చర్చ. పెళ్ళి వారంలోకి వచ్చింది. మచ్చలు చూసి అవతలివాళ్ళు కాదంటే?

"పొడుగు చేతుల జాకెట్టు కుట్టిద్దాం. మెడనిండా పూలదండ. వాళ్ళకి చెప్పొద్దు" అంది భ్రమరాంబ.

"దాచిపెట్టి పీటలెక్కను అత్తా" అని వకుళ తనే ఫోన్ చేసింది. కాబోయే అత్తగారు కాంతమ్మ ఎత్తింది. వకుళ ఉన్నదున్నట్టు చెప్పింది. ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడ్డారు.

"అయ్యో తల్లీ! ఇంకా మంటగా ఉందా?" ఇదీ కాంతమ్మ మొదటి మాట. తరవాత అంది, "మేం నిన్ను చూసింది బళ్ళోనే కదా. ఎండలో పిల్లల్ని నవ్విస్తూ పరుగులు పెట్టిస్తున్నావు. మావాడు కారు దిగకముందే 'ఈ అమ్మాయే' అన్నాడు. మచ్చలదేముంది, ఉంటాయి, పోతాయి. కానీ ఒక్క మాట. వాణ్ణి పెళ్ళికొడుకుని చేసేటప్పుడు మీ మేనత్తగారి సున్నిపిండి మాత్రం మాకు పంపించకండి!"

ఇల్లంతా గొల్లుమంది. "నలుగుదేముంది, శాస్త్రానికి ఒట్టి పెసరపిండి కాలి బొటనవేలికి ముట్టిస్తే చాలు" అని రాజ్యలక్ష్మి ఆ ముడీ విప్పేసింది.

భ్రమరాంబ మేనకోడలి పక్కన చతికిలబడింది. "నువ్వు పుట్టినరోజు నీ చెవులు చూశానే గాని, నీ ముఖం చూడలేదే తల్లీ."

"ఇప్పుడు చూడు. ఎవరొద్దన్నారు?" అంది వకుళ.

భ్రమరాంబ చూసింది. చాలాసేపు చూసింది. నవ్వితే బుగ్గన సొట్ట పడుతుందని ఇరవై నాలుగేళ్ళ తరవాత ఆ రోజే గమనించింది.

మర్నాడు గురువారం తెల్లవారుజామునే ఇల్లంతా లేచింది. మిగిలిన పిండిని పెరట్లో గొయ్యి తీసి పూడ్చారు. దేవుడి దగ్గర దీపం పెట్టి అందరూ ఆట చూడ్డానికి బయలుదేరారు. వకుళ మీద ఎండపొడ పడకూడదని భ్రమరాంబ గొడుగు అడిగింది.

"ఇంట్లో నల్లదే ఉందే చెల్లెమ్మా. తెల్లది కావాలంటే కొట్టు తెరిచేదాకా ఆగాలి" అన్నాడు అన్నగారు, నవ్వాపుకుంటూ.

"నల్లదే ఇయ్యి అన్నయ్యా. ఎండకి ఆగేది అదే."

మైదానంలో భ్రమరాంబ గుడ్డలు చుట్టిన చేతులతోనే మేనకోడలి తలపైన గొడుగు పట్టుకు నిలబడింది. పిల్లలు గెలిచినప్పుడు మాత్రం ఆవిడా ఎగిరింది, గొడుగూ ఎగిరింది.

నీతి: ఒంటి రంగు దిద్దుకోవలసిన తప్పు కాదు, దేవుడు మనకు పట్టిన గొడుగు, దాన్ని చెరపబోయేవాళ్ళు ఎండపాలవుతారు.