వస్తానన్న దోర్కమ్మ

అనగనగా కాలవ గట్టున ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక మందిరం, ఆ మందిరం వెనకింట్లో దోర్కమ్మ అని ఒకావిడ. దుప్పటి కప్పుకో కూనమ్మా, చెబుతాను.

దోర్కమ్మ మంచిది. ఎవరు దేనికి పిలిచినా "వస్తానండీ" అనేది. ఉపవాస కూడికా? వస్తాను. పాటల అభ్యాసమా? వస్తాను. పక్క పేటలో ఎవరింట్లోనో ప్రార్థనా? దానికీ వస్తాను. అన్నిటికీ పరిగెత్తేది, దేన్లోనూ చివరిదాకా ఉండేది కాదు.

"మా అక్క ప్రార్థన మొదలెట్టేది ఒకింట్లో, ఆమెన్ అనేది ఇంకో ఇంట్లో" అని తోటికోడలు సలోమి నవ్వేది.

ఎందుకలా అంటావా? ఆవిడకొక భయం. ప్రభువు సమాధిలోంచి తిరిగి లేచి శిష్యులకి కనపడ్డ సాయంత్రం, వాళ్ళలో ఒకాయన గదిలో లేడు కదా. పాపం, ఏ పని మీద వెళ్ళాడో. నేనూ అలాగే ఒక్క కూడిక మానేస్తే, సరిగ్గా ఆ పూటే దేవుడు వచ్చిపోతే? అదీ ఆవిడ బెంగ. అందుకే ఎక్కడా కాలు నిలిచేది కాదు.

అప్పుడు కోత పండుగ వచ్చింది. కొత్త పంట దేవుడికిచ్చే పండుగ. ఏటా ఒకరు తొలి వరికంకుల కట్ట పట్టుకుని, పాటతో ఊరేగింపు ముందు నడుస్తారు. ఆ ఏడు వంతు దోర్కమ్మది. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఎదురుచూసిన వంతు.

అది చాలదన్నట్టు, ఊరంతా కలిసి తినే ప్రేమవిందుకి పులిహోర చేస్తానంది. గుమ్మానికి వరికుచ్చులు కడతానంది. ఆడవాళ్ళకి పాట అందిస్తానని కూడా అంది.

పండుగనాడు పొద్దున్నే అన్నం పొయ్యి మీద పెట్టి, మందిరం గుమ్మం దగ్గరికి పరిగెత్తింది. అన్నం అడుగంటింది. అప్పుడు కుచ్చు సగం కట్టి, పొయ్యి దగ్గరికి పరిగెత్తింది. కుచ్చు ఊడి, ప్రార్థన చేయించే అయ్యగారి నెత్తిన పడింది. ఆ తర్వాత పాట ఎత్తుకోబోతే ఆయాసంతో గొంతు పెగల్లేదు.

అప్పుడు సలోమి వచ్చింది. "అక్కా, నయోమి అవ్వకి ఏం చెప్పావు? తెల్లచీర కట్టుకుని అరుగు మీద కూర్చుంది. నేను తీసుకెళ్తానంటే రాదట. దోర్కమ్మ వస్తానంది అంటోంది."

నయోమి అవ్వది ఊరి చివరిల్లు. చూపు లేదు, తోడు లేదు. ఆ కోత పాట ఊరందరికీ నేర్పింది ఆవిడే.

"నేనెప్పుడన్నాను?" అంది దోర్కమ్మ. అనేసరికి గుర్తొచ్చింది. మొన్న అవ్వని చూడబోయినప్పుడు, "పండక్కి నన్నెవరు తీసుకెళ్తారే?" అని అవ్వ అడుగుతోంది. దోర్కమ్మ మనసు అప్పటికే ఇంకో కూడిక దగ్గరుంది. "వస్తానవ్వా" అని లేచొచ్చేసింది. వెళ్ళేటప్పుడు మనందరం అనే మాటేగా. అవ్వ దాన్ని మాటివ్వడం అనుకుంది.

ఇంతలో గంట మోగింది. ఊరేగింపు కదలాలి. అవ్వ దగ్గరికి వెళ్తే వంతు పోతుంది. వెళ్ళకపోతే అవ్వ అరుగు మీదే ఉండిపోతుంది.

దోర్కమ్మ కంకుల కట్టని ఒకసారి గుండెకి ఆనించుకుంది. ఆ తర్వాత సలోమి చేతిలో పెట్టింది.

"నీకేమన్నా తిక్కా అక్కా? ఈ వంతు వంతంటూ నా చెవులు తినేశావు కదే."

"నువ్వు నడువు. నేను వస్తానన్నాను."

పరుగున వెళ్ళి అవ్వ చెయ్యి పట్టుకుని బయల్దేరింది. అవ్వ నడక సంగతి నీకు తెలీదు. గట్టెక్కి ఆగింది. చెప్పులో రాయి దూరిందని ఆగింది. ఆ తర్వాత వంతెన మీద, దూరంగా పాట వినపడి ఆగింది.

"ఏడుస్తున్నావుటే?" అంది అవ్వ.

"మొదలెట్టేశారవ్వా. అందరూ ఉన్నారు, నేనే లేను. ఆ శిష్యుడిలాగే అయిపోయాను."

అవ్వ బోసినోటితో నవ్వింది. "పిచ్చిమొద్దూ, ఆయన అక్కడితో వదిలేశాడా? ఆ లేనివాడికోసమే కదే మళ్ళీ వచ్చాడు ప్రభువు."

దోర్కమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. అప్పుడు పాట ఆగిపోయింది. రెండో చరణం అయ్యాక మూడోది ఎవరికీ గుర్తు రాలేదు. అందించాల్సిన మనిషి ఇక్కడ వంతెన మీదుంది మరి.

అప్పుడు అవ్వ, ఉన్నచోటునుంచే మూడో చరణం ఎత్తుకుంది. దోర్కమ్మ గొంతు కలిపింది. కాలవ నీళ్ళ మీదుగా పాట ఊళ్ళోకి పోయింది.

ఊరు చుట్టి మందిరం వైపు పోతున్న ఊరేగింపు వెనక్కి తిరిగింది కూనమ్మా. తాళాలు, కంజర, పిల్లలు, ముసలివాళ్ళు, అందరూ వంతెన దగ్గరికి వచ్చేశారు. సలోమి పరిగెత్తుకొచ్చి కంకుల కట్ట దోర్కమ్మకిచ్చింది. దోర్కమ్మ దాన్ని అవ్వ చేతుల్లో పెట్టి, తన చేతులు కింద ఆనించింది. అయ్యగారు అక్కడే, ఎండలోనే ప్రార్థన చేశారు. అప్పుడు అవ్వ ముందు నడిస్తే, అవ్వ నడకతో ఊరంతా నడిచింది. దోర్కమ్మ ఆ రోజు ఒక పాట మొదట్నుంచి చివరిదాకా పాడింది, మందిరం కప్పు అదిరేలాగా.

అడుగంటిన పులిహోర కూడా మిగల్లేదట.

ఆ తర్వాత దోర్కమ్మ "ఈ పూటకి రాలేనండీ" అనడం నేర్చుకుంది. ఎవరింట్లోంచి లేచినా "వెళ్తున్నాను" అనేది.

"అలా అనకూడదక్కా, వస్తాననాలి" అనేది సలోమి.

"వస్తానంటే రావాలి కదే" అనేది దోర్కమ్మ.

కథేమో కంచికి వెళ్తానంది,
నిద్రేమో మనింటికి వస్తానంది.
వస్తానన్నది వచ్చేదాకా
కళ్ళు మూసుకో కూనమ్మా.